మిద్దె మీద చౌడు

జమ్మలమడుగు వైపు మట్టి మిద్దెల మీద చౌడు వెయ్యడం ఎండాకాలం పని. వానలు పడకముందే బండ్లతో తోలి, పాత మన్ను గోకి, కొత్త చౌడు పరిచేవాళ్లు. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో బండలో, ఆపైన మన్ను, అన్నిటికీ పైన చౌడు. ప్రొద్దుటూరు, పులివెందుల పల్లెల్లోనూ ఇదే కట్టుబడి. మా నాయన ఏ చౌడంటే ఆ చౌడు తెచ్చేవాడు కాదు. పిడికెడు తడిపి, వేళ్ల నడుమ రుద్ది, సబ్బులా జారితేనే గంపకెత్తమనేవాడు. ఇసుక తగిలిందా, "వద్దురా, మిద్దె ఉరుస్తాది" అనేవాడు.

మొలక రాని చౌడు నేల మిద్దెకెట్ల పనికొచ్చిందో నాకు కెమిస్ట్రీ చదివినాకే తెలిసింది. బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది. చౌట్లో వాటి చుట్టూ చేరేది సోడియం. దాని పట్టు వదులు. వాన తగలగానే రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుని విడిపోతాయి, ఉబ్బి సందులన్నీ పూడ్చేస్తాయి. పైపొర తడుస్తుంది, కిందికి చుక్క దిగదు. గాజు గ్లాసు నీళ్లలో చౌడు కలిపి చూడండి, పొద్దుగుంకినా తేరుకోదు. చిటికెడు జిప్సం వేస్తే అడుక్కి దిగుతుంది.

బంకమట్టికున్న ఈ ఆవేశం ఆనవాలు దొరికింది మాస్కోలో. అక్కడ ఫెర్డినాండ్ రాయిస్ అనే శాస్త్రవేత్త తడి బంకమట్టిలో రెండు గాజు గొట్టాలు గుచ్చి, నీళ్లు పోసి, బ్యాటరీ తీగలు దించాడు. రుణ తీగ వైపు నీటిమట్టం పెరిగింది; ధన తీగ వైపు నీళ్లు మట్టితో మసకబారాయి. 1809లో ఆ సంగతి అచ్చయ్యింది. రేణువుల చుట్టూ ఉన్న ధనావేశపు పొర కరెంటుకు కదిలి, తనతో నీళ్లనూ లాక్కుపోతుంది. ఎలక్ట్రో ఆస్మాసిస్ అంటే అదే.

1936లో పంజాబ్ శాస్త్రవేత్తలు పురి, ఆనంద్ చౌడు నేలలోకే కరెంటు పంపిన ప్రయోగాన్ని ప్రకటించారు. వాళ్లు వెళ్లగొట్టాలనుకున్నది సోడియాన్ని, మా నాయన ఏరికోరి గంపకెత్తించినదాన్నే! అది రుణ తీగ దగ్గర కాస్టిక్ సోడాగా బయటికొచ్చింది. కానీ ఎకరాలకెకరాలకు కరెంటు పెట్టేదెవరు? బోర్లకే అర్ధరాత్రి కరెంటు వచ్చిన రోజులు మావి. జిప్సం చల్లి, నీళ్లు కట్టి, మురుగుకాలువ తీసి ఉప్పును కడిగేయడమే రైతుకు చౌక.

సిమెంటు స్లాబులొచ్చాక చౌడు బండ్లు నిలిచిపోయాయి. ఇప్పుడు నగరాల్లో సెల్లార్లకు నీళ్లు దిగకుండా సోడియం బెంటోనైట్ పరుస్తున్నారు. అదీ సోడియం పట్టిన బంకమట్టే, కాకపోతే డబ్బు పెట్టి కొనాలి.