ఎల్లలు దాటించు పత్రము

సముద్రము దాటినవాడు వెలి యగునని భయపడిన కాలమొకటి మన దేశమున నుండెను. దాటుటకు చేత పత్రముండి తీరవలయుననెడి నిర్బంధము తరువాతి కాలపుది. ఆ పత్రమును మొదట కోరినది ప్రయాణికుడు కాదు, ప్రభుత్వము. మనిషిని కనిపెట్టి యుండుటకై పుట్టిన కాగితము క్రమముగా ఆ మనిషి హక్కునకే సాక్ష్యమైన వృత్తాంతము భారతీయుల వలసచరిత్రలో స్పష్టముగా కానవచ్చును. అందు తెలుగువారి పాలు తక్కువది కాదు.

1860 అక్టోబరులో 'ట్రూరో' అను ఓడ మదరాసు రేవునుండి ఆఫ్రికాలోని నేటాలునకు బయలుదేరి, నవంబరు 16వ తేదీన డర్బను చేరెను. అందు స్త్రీలు, పిల్లలతో కూడ 342 మంది యుండిరి. చెరకుతోటలలో అయిదేండ్లు పనిచేయుటకు ఒడంబడిక వ్రాసి యిచ్చినవారు వారు. 1911లో ఈ వలస ఆగిపోవులోపల నేటాలు చేరిన కూలీల సంఖ్య లక్షన్నరకు మించెను. వారిలో తమిళులతోపాటు తెలుగువారును అనేకులు కలరు. ప్రతి ఓడతోను ఒక జాబితా పోయెను. మనిషికొక సంఖ్య, పిదప పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఒంటిమీది గుర్తులు. పుట్టుమచ్చయు, గాయపు మచ్చయు ఛాయాచిత్రమునకు బదులుగా నిలిచినవి. తెలుగు రాని గుమాస్తాలు విన్నదానిని విన్నట్లు ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనిరి. ఆ వ్రాతలో మారిన పేర్లే తరతరములకు స్థిరపడినవి. మన 'నాయుడు' అచట నేటికిని 'నైడూ'యే.

ఆ పద్దు కూలీ మేలుకొరకు పుట్టినది కాదు. ఒడంబడిక ముగిసినపిమ్మటను వానికి విముక్తి కలుగలేదు. తిరిగి కూలికి కుదురక, స్వదేశమునకును పోక నిలిచినవారిపై 1895నాటి చట్టము ఏటికి మూడు పౌనుల పన్ను విధించెను. 1914లో గాని అది రద్దుకాలేదు. పొరుగున నున్న ట్రాన్స్‌వాలులో 1907నాటి శాసనము ఆసియావారెల్లరు వ్రేలిముద్రలిచ్చి పేరు నమోదు చేసికొనవలెనని ఆజ్ఞాపించెను. శాసనము రద్దగునను నమ్మకముతో భారతీయులు స్వచ్ఛందముగా నమోదైరి. ఆ నమ్మకము వమ్మయిన పిదప, 1908 ఆగస్టు 16న గాంధీజీ నాయకత్వమున జోహాన్స్‌బర్గు మసీదు ప్రాంగణమున ఇనుప బానలో ఆ ధ్రువపత్రములను వేసి కాల్చిరి. వారు ధిక్కరించినది క్రమమును కాదు. ఆ క్రమమున దాగిన అవమానమును.

మొదటి ప్రపంచయుద్ధము పాసుపోర్టును సర్వత్ర తప్పనిసరి గావించెను. 1920లో భారత పాసుపోర్టు చట్టము వెలువడెను; ఆ యేడే పారిసులో నానాజాతి సమితి జరిపిన సమావేశము దేశములన్నిటికి ఏకరూపమైన పాసుపోర్టును సూచించెను. అయినను 1920నాటి చట్టము దేశములోనికి వచ్చువారిని గురించినదే. బయటకు పోవువానికి పాసుపోర్టు నిచ్చుటయు, నిరాకరించుటయు స్వాతంత్ర్యానంతరము సయితము అధికారుల విచక్షణకే విడువబడెను.

ఈ స్థితిని మార్చినది సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యమున 1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. రాజమహేంద్రవరమున జన్మించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు అధిక సంఖ్యాకుల పక్షమున దానిని వెలువరించిరి. విదేశయానము రాజ్యాంగపు 21వ అధికరణము చెప్పిన వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమని అది తేల్చెను. అయిదుగురిలో ముగ్గురి అభిప్రాయమే అయినను ఫలితము గొప్పది. అదే సంవత్సరము జూన్ 24న పాసుపోర్టుల చట్టము వచ్చెను. నిరాకరించిన అధికారి సాధారణముగా కారణమును వ్రాసి యీయవలయును. దానిపై అప్పీలు కలదు. 1977లో మేనకా గాంధీ పాసుపోర్టును కారణము తెలుపక స్వాధీనము చేసికొనగా, 1978 జనవరి 25నాటి తీర్పు స్వేచ్ఛను హరించు విధానము న్యాయసమ్మతముగా నుండి తీరవలెనని చెప్పెను.

ఆ చట్టమున గమనింపదగిన మాట మరియొకటి కలదు. పాసుపోర్టు కేంద్రప్రభుత్వపు సొత్తు. పౌరుడు దానిని భద్రపరచువాడు. కనుక అన్ని పత్రములలో పేరును ఒకే తీరున వ్రాయించుట, గడువును చూచుకొనుట, ప్రతులను వేరుగా దాచుట, పోయినచో వెంటనే తెలుపుట కేవలము జాగ్రత్తలు కావు, స్వేచ్ఛను నిలుపుకొను పనులు. గల్ఫు దేశములకు పోయిన తెలంగాణ, కోనసీమ, కడప శ్రామికుల కిది బాగుగ తెలియును. అనేక దేశములలో చట్టము నిషేధించినను, పాసుపోర్టును యజమాని తన పెట్టెలో దాచికొను అలవాటు పోలేదు. అట్టిచోట ఆ కూలీ స్థితికిని, ట్రూరో దిగిన కూలీ స్థితికిని దూరము స్వల్పమే.

నేటాలు జాబితాలు మాత్రము విచిత్రమైన ఫలితము నిచ్చినవి. తోటల యజమానులు గతించిరి, ఒడంబడికలు చెల్లిపోయినవి. ఆ కూలీల ముని మనుమలు నేడు తమ గ్రామము పేరు తెలిసికొనుటకును, భారతమూలమును నిరూపించుటకును ఆ పద్దులనే వెదకుచున్నారు. వ్రాయనేర్వని ఆ జనమును గూర్చి మిగిలిన తొలి వ్రాత అదియే. కథలకును, నవలలకును అందని వేలకొలది తెలుగుపేర్లు తప్పులతడకగా నైనను అందు నిలిచి యున్నవి. వానిని సరిచేసి చదువవలసిన బాధ్యత తెలుగు వ్రాతగాండ్రది.