విశాఖ మన్యానికి పడిన దారులు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర రాయగలవారు మన సంఘంలో నాకంటే ఘనులున్నారు. అందుచేత నేను మన్యం వైపు వెళ్తాను. కార్తిక మాసం వచ్చిందంటే అరకు, బొర్రా, లంబసింగి పేర్లు వినబడని ఇల్లు మన సభ్యులలో లేదు. పిల్లలు దీన్ని ఎకో టూరిజం అంటున్నారు, పత్రికలవారు పర్యావరణ పర్యాటకం అంటున్నారు. అడవినీ కొండనూ అక్కడి మనుషులనూ పాడుచేయకుండా చూసి రావడం, ఆ రాకపోకల వల్ల వచ్చే నాలుగు డబ్బులు అక్కడివారికే అందడం, దాని అర్థం ఇంతే. పేరు కొత్తది గాని కిందివాళ్ళు కొండమీదికి దారి వేసుకుని వెళ్ళడం కొత్త కాదు. ఏ దారి ఎవరి కోసం పడింది అన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న సంగతి.

ముందు మన సంగతి. ఏజెన్సీకి బదిలీ అంటే ఒకప్పుడు ఉద్యోగి ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. మలేరియా, మందుకు దూరం, పిల్లల చదువుకు దూరం. బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే రద్దు కోసం తిరిగేవారే ఎక్కువ. అప్పట్లో పాడేరు పేరు చెబితే దణ్ణం పెట్టినవారి మనవలు ఇవాళ తెల్లవారుజామున పాడేరు దగ్గరి వంజంగి కొండెక్కి, కింద పరుచుకున్న మబ్బులను ఫోటోలు తీసి పంపుతున్నారు. కొండ మాత్రం అదే కొండ.

లంబసింగికి వెళ్ళే దారి తీసుకోండి. నర్సీపట్నం నుంచి ఘాటు ఎక్కి లంబసింగి మీదుగా చింతపల్లి చేరుకుంటాం. శీతకాలంలో అక్కడ చలి సున్నా డిగ్రీల దాకా దిగుతుందని, మంచు చూడవచ్చని జనం రాత్రికి రాత్రి బయలుదేరుతున్నారు. ఆ దారి బ్రిటిష్ కాలంలో మన్యం వాళ్ళ వెట్టి చాకిరితో పడింది. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలి ఇచ్చి, ఇవ్వక, గిరిజనుల చేత రోడ్డు పని చేయించాడు. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఉన్న కారణాలలో ఈ రోడ్డు పని ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా దాడులు జరిగాయి. 1924 మే 7న రాజుగారిని చంపేదాకా మన్యం చల్లారలేదు. సీతారామరాజు సినిమా చూసి చప్పట్లు కొట్టిన మనవాళ్ళకు, కారులో తాము ఎక్కుతున్నది ఆ పోరాటానికి నిప్పు రాజేసిన దారేనని తెలియదు. చెప్పేవారు లేక తెలియదు, అంతే.

దారికన్నా ముందే అడవి చేయిదాటింది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాలున చెట్లు నరికి, కాల్చి, నాలుగు గింజలు చల్లుకునే పోడు సేద్యం నేరంగా మారింది. తాతలనాటి అడవిలో వంటచెరకు కోసం ఇంకొకరి అనుమతి అడగవలసి వచ్చింది. అడవి ప్రభుత్వానిది, అడవిలో ఉన్నవాడు ఆక్రమణదారు అన్న లెక్క అప్పుడు మొదలై చాలాకాలం నడిచింది. 2006లో అటవీ హక్కుల చట్టం చేసేటప్పుడు చారిత్రక అన్యాయం జరిగిందని చట్టం పీఠికలోనే ఒప్పుకున్నారు.

ఇక రైలు. విశాఖ నుంచి అరకు వెళ్ళే బండిలో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉన్న ఈ మార్గంలో 58 సొరంగాలు. టైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, ఆపైన అరకు. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజి మీద అంత ఎత్తున స్టేషను ఉండడం ఆ రోజుల్లో గొప్ప విషయం. ఇంత కష్టపడి వేసింది మనం కిటికీలోంచి లోయలు చూడడానికి కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు అమ్మే ఒప్పందం 1960లో కుదిరింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1966-67 ప్రాంతంలో ఈ మార్గం పూర్తిచేశారు. మనుషుల బండి తరువాతి మాట. 2017లో అద్దాల పెట్టె తగిలించారు, దానికిప్పుడు గిరాకీ ఎక్కువ. ఖనిజం బళ్ళకు దారి ఇవ్వడానికి మన బండి ఏదో స్టేషనులో ఆగిందంటే విసుక్కోనక్కరలేదు. ఇల్లు వాళ్ళది, మనం అతిథులం.

బొర్రా గుహల దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగుతాను. వాననీరు సున్నపురాతిని చుక్కచుక్కగా కరిగించి, మళ్ళీ చుక్కచుక్కగా పేర్చి చేసిన పని అది. పైనుంచి రాతి ఊడలు దిగుతాయి, కిందినుంచి రాతి మొలకలు లేస్తాయి, రెండూ కలిసినచోట స్తంభం. లోపల లింగాకారంలో ఉన్న రాతిని గిరిజనులు శివుడిగా కొలుస్తారు. శివరాత్రికి పెద్ద తీర్థం జరుగుతుంది. మేస్తున్న ఆవు పైకప్పు కన్నంలోంచి లోపల పడిందని, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగం కనబడిందని, గోస్తని నదికి ఆ పేరు అలాగే వచ్చిందని కథ. పుస్తకాలలో మాత్రం 1807లో భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ గుహలను కనుగొన్నాడని రాస్తున్నారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో. ఒకరు రాసింది ఇంకొకరు దించుకుంటూ పోయారన్నమాట. ఎన్నో ఫైళ్ళలో ఇటువంటి తేదీలు చూసిన చేయి గనుక చెప్పకుండా ఉండలేకపోయాను. ఎవరో దొర వచ్చేదాకా గుహ కనబడలేదనడంకన్నా, ఆవు కథే నిజానికి దగ్గరగా ఉన్నట్టు నాకు తోస్తుంది.

ఆ గుహలు, వాటి చుట్టూ ఉన్న కొండ ఇవాళ మనకు చూడడానికి మిగిలాయంటే దాని వెనక ఒక కోర్టు కథ ఉంది. టూరిజం పుస్తకాలలో ఇది ఉండదు. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో కాల్సైటు, అభ్రకం వంటి ఖనిజాలు తవ్వుకోవడానికి గిరిజనేతరులకు ప్రభుత్వం లీజులు ఇచ్చింది. ఊళ్ళవారి పక్షాన సమత అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టుకు వెళ్ళింది. అక్కడ అనుకూలంగా రాలేదు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

వాదమంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది. రెవెన్యూలో పనిచేసినవారికి 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు రెగ్యులేషనూ, దానికి 1970లో వచ్చిన సవరణా గుర్తుండే ఉంటాయి. ఆఫీసుల్లో మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేవాళ్ళం. ఏజెన్సీలో ఏ వ్యక్తీ గిరిజనుడికి తప్ప ఇంకొకరికి స్థిరాస్తి బదలాయించకూడదు, బదలాయిస్తే చెల్లదు. గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికైతే ఇవ్వవచ్చు. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి కూడా, అతడు రుజువు చేసుకునేదాకా, గిరిజనుడి నుంచి వచ్చినదిగానే భావించాలి. సరే, ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉన్నట్టా, లేనట్టా? లేదంటే ప్రభుత్వం తన భూమిని ఎవరికైనా లీజుకు ఇచ్చుకోవచ్చు. ఉందంటే ప్రభుత్వం చేతులకూ అదే కట్టు.

1997 జూలై 11న తీర్పు వచ్చింది. ‘వ్యక్తి’లో ప్రభుత్వమూ ఉంది, కనుక షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా, అటవీ భూమి అయినా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదు అన్నారు. ముగ్గురు న్యాయమూర్తులలో జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ ఒక పక్క, జస్టిస్ జి.బి. పట్నాయక్ రెండో పక్క. రామస్వామి గారు మన హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి వెళ్ళినవారే. ఆ తీర్పు జిరాక్సు ప్రతి మా ఆఫీసులో బల్లనుంచి బల్లకు తిరిగింది. సెక్షన్లు నోటికి వచ్చిన మా సూపరింటెండెంటు గారు కూడా ‘ఇన్నేళ్ళూ ఆ మాట మీదుగానే నడిచి వెళ్ళాం’ అన్నారు. తీర్పును మార్చమని తరువాత వేసిన అర్జీలు నిలబడలేదు.

అదే తీర్పులో ఇంకొక సంగతి ఉంది, దాన్ని జనం అంతగా చెప్పుకోరు. అటువంటి ప్రాంతంలో వ్యాపారం చేసేవారు నికర లాభంలో కనీసం 20 శాతం విడిగా నిధిగా ఉంచి, నీళ్ళకు, బడికి, ఆసుపత్రికి, రోడ్లకు ఖర్చు పెట్టాలి అన్నారు. గనుల కేసులో వచ్చిన మాటే గాని, గుహ ముందు టికెట్టు అమ్మేచోటికీ ఈ కొలత సరిపోతుందని నా అభిప్రాయం. సున్నపురాయి తవ్వి అమ్మినా, చూపించి అమ్మినా ఆ కొండ సరుకే గదా.

గోస్తని సంగతి కూడా చెప్పాలి. ఆ నీరు కిందికి దిగి తాటిపూడి జలాశయంలో చేరుతుంది, అక్కడినుంచి విశాఖ నగరానికి తాగునీరుగా వస్తుంది. బొర్రా కొండలో తవ్వకం ఆగడం అక్కడి ఊళ్ళ గొడవ మాత్రమే అనుకున్నవారు తమ ఇంటి కుళాయి విప్పి చూసుకోవాలి.

తీర్పుతో కథ అయిపోలేదు. ప్రైవేటువారికి దారి మూసుకుపోయింది గనుక, ప్రభుత్వ సంస్థ చేత బాక్సైటు తవ్వించి ఫ్యాక్టరీలకు ఇచ్చే ఆలోచన 2005 తరువాత నడిచింది. 2015 నవంబరులో చింతపల్లి వైపు జెర్రెల కొండల అడవి కోసం జీవో 97 ఇచ్చారు. మన్యమంతా లేచింది. జీవోను ముందు పక్కన పెట్టి, 2019లో రద్దు చేశారు. ఈ కొండల నెత్తిన ఉన్న బాక్సైటు పొర వాననీరు పీల్చి ఊటలుగా వదులుతుందని, అది పోతే సెలయేళ్ళు ఎండుతాయని ఊరివాళ్ళు వాదించారు. మనం ఫోటోలు తీసుకునే జలపాతాల మూలం అక్కడే ఉంది.

కాఫీ గురించి క్లుప్తంగా. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, తరువాత అటవీ అభివృద్ధి సంస్థ, చెట్ల నీడన కాఫీ వేయించాయి. మిరియపు తీగ చెట్టుకు పాకుతుంది, కాఫీ దాని నీడన పండుతుంది, చెట్టు నరికే అవసరం ఉండదు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు ఫిల్టరు కాఫీ మీద పక్షపాతం ఉంది గనుక ఇంతటితో ఆపుతాను.

బసల విషయంలో నాకు నచ్చిన పద్ధతి మాత్రం అరకులో కాదు, గోదావరి మన్యంలో, మారేడుమిల్లి దగ్గర మొదలైంది. మన రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. ఊరివారే సభ్యులుగా అడవిని కాపాడాలి, ఫలసాయంలో వారికి వాటా ఉండాలి. మారేడుమిల్లిలో అటవీ శాఖ ఆ సమితులతో కలిసి గుడారాలు, గదులు పెట్టింది. వంట, కాపలా, దారి చూపడం స్థానికుల పని. వాలి సుగ్రీవులు పోరాడిన చోటని చెప్పే వాలమూరు దగ్గర వాగు ఒడ్డున అడవిబస అలాంటిదే. బొంగులో చికెన్ మన ఊళ్ళ హోటళ్ళకు వచ్చింది కూడా ఆ మన్యం నుంచే. అరకులోని బసలలో కొన్ని ప్రభుత్వానివి, చాలా ప్రైవేటువి. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి చెల్లదని పైన చెప్పాను. మరి ఈ మేడలు ఎవరి పేరున ఉన్నాయి? పట్టా ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది అయితే దానిని మనం ఆఫీసులో ఏమనేవాళ్ళమో పాఠకులకు తెలుసు. పెసా చట్టం 1996లో వచ్చింది, మన రాష్ట్రంలో నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. ఆ గ్రామసభ చేతికి ఇటువంటి లెక్కలు రావాలి.

రాత్రి మంట వేసి, అరకు ఆడవాళ్ళను వరుసగా నిలబెట్టి థింసా ఆడించే ఏర్పాటు బసలలో ఉంటుంది. పండక్కి, పెళ్ళికి ఊరంతా చేతులు పెనవేసి ఆడేది అది. చూడండి, తప్పు లేదు. ఆడినవారికి నేరుగా ఎంత ఇస్తున్నారో బస యజమానిని అడగండి. మీ వయసు చూసి సమాధానం చెప్తారు. ప్లాస్టిక్ సీసాలు తిరిగి కిందికి తెచ్చుకోండి, వంజంగి కొండ మీద వాటిని ఏరవలసింది ఆ ఊరి పిల్లలే.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఒకప్పుడు కలెక్టరు సంతకం కోసం కొండ దిగి విశాఖ వెళ్ళినవారికి ఇది చిన్న సంగతి కాదు.

వెళ్ళదలచిన సభ్యులకు రెండు మాటలు. బొర్రాలో మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి, చేతికర్ర లేకుండా దిగవద్దు. మోకాళ్ళ నొప్పులున్నవారు మొదటి పెద్ద గదిలోనే కూర్చోండి, చూడవలసిందంతా అక్కడినుంచీ కనబడుతుంది. దారి చూపేవారిలో ఆ ఊరి కుర్రాళ్ళుంటారు. ఏ రాతిని ఏమంటారో వాళ్ళు ఓపికగా చెప్తారు. కాఫీ, తేనె గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనుక్కోండి. శీతకాలంలో మఫ్లరు, రాత్రి వేసుకునే మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకోండి, పెట్టెలో పెడితే సొరంగం చీకట్లో దొరకవు.