అల్లపుజాతి పూలమొక్కల ప్రయాణము



అల్లమన్న మనకు పచ్చడియు శొంఠికషాయమును, పసుపన్న పేరంటమును జ్ఞప్తికి వచ్చును. ఈ కుటుంబమునందే కేవలము పువ్వుకొరకు పెంచబడు మొక్కలును పెక్కులు గలవు. వానిలో నొకదాని చరిత్రకు మన కాకినాడతో సంబంధము గలదు. దానిని నేడు మనవి చేసెదను.

ఈ మొక్క నిలువెత్తు పెరుగును. పూలు తెల్లని సీతాకోకచిలుకలవలె నుండి, సాయంకాలమున మిక్కిలి పరిమళించును. వంగదేశీయులు దీనిని దోలనచంప యందురు. మనలో గులేబకావళి కథ వినని పెద్దలుండరు గదా! గ్రుడ్డికన్నులకు చూపొసగిన ఆ పువ్వు ఇదియేయని నర్మద పుట్టినచోటగు అమరకంటకమునందలి జనులు నేటికిని చెప్పుదురు. కథను నమ్ముడని నేననను. పువ్వు మాత్రము నిజము.

దీని శాస్త్రనామము హెడీకియం కరోనేరియం. తీపి, మంచు అను రెండు గ్రీకుమాటల కలయిక మొదటిది; దండలకు తగినదని రెండవదాని యర్థము. ఈ పేరిడినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. ఆయన 1728లో బాల్టిక్ ప్రాంతమున జన్మించి, లినీయసు పండితునొద్ద చదివి, 1768లో డేనులకు వైద్యుడై తరంగంబాడికి వచ్చెను. తరువాత ఆర్కాటు నవాబు కొలువునను, 1778 మొదలు ఈస్టిండియా కంపెనీ కొలువునను ఉండి, సయాము, మలక్కా దేశములు తిరిగెను. ఈ జాతి పూలు మిక్కిలి పలుచనివి. కాగితముల నడుమ నొత్తి యెండించినచో రూపు చెడును. అట్టి యెండుపూలను చూచి ఐరోపా పండితులు తేల్చగలిగినది స్వల్పము. కోనిగ్ పచ్చిపూలనే పరీక్షించి వ్రాసెను. ఆ వర్ణనలు 1783లో రెట్జియసు గ్రంథమున అచ్చుపడినవి. రెండేండ్లకే, 1785లో, కాకినాడయొద్ద జగన్నాథపురమున రక్తవిరేచనములచే ఆయన మరణించెను. కడపటి దినములలో వైద్యము చేసినవాడు సామర్లకోటలో నుండిన రాక్స్‌బరో దొర. ఈ దొరయే 1793లో కలకత్తా తోటకు అధికారియై, అల్లపుజాతి మొక్కలను గూర్చి 1810లో పెద్ద వ్యాసమును ప్రకటించెను.

ఇక ప్రయాణము మాట. ఈ మొక్కకు విత్తుతో పనిలేదు. ఒక కన్నుగల దుంపముక్క కొన్ని వారములు నీరులేకున్నను బ్రతికియుండును. కావుననే ఓడలెక్కి ఖండాంతరములకు పోయెను. క్యూబాదీవిలో దీనిని సీతాకోకచిలుక యని పిలిచి, 1936లో తమ జాతీయపుష్పముగా నెన్నుకొనిరి. స్పెయినుపై జరిగిన స్వాతంత్ర్యయుద్ధములలో స్త్రీలు ఈ పూలలో రహస్యలేఖలు దాచి పంపిరని అచ్చట చెప్పుకొందురు.

దీని చెల్లెలి కథ వేరు. హిమాలయసీమలో పసుపుపచ్చని పూలు, ఎర్రని కేసరములు గల యొక జాతి కలదు. నేపాళమునందలి ఆంగ్ల రెసిడెంటు గార్డ్‌నరు పేరు దానికి 1824లో ఇడిరి. అందమునకై దానిని హవాయి, న్యూజీలండు, అజోరుసు దీవులకు కొనిపోయిరి. అచ్చట దుంపలు చాపవలె నేలను కప్పివేయగా, అడవిచెట్ల పిల్లమొక్కలు మొలవలేకపోయినవి. పక్షులు దాని విత్తులను దూరదూరములకు వెదచల్లినవి. న్యూజీలండులో దానిని అమ్ముటయు పెంచుటయు నిషిద్ధము. దానిని తినునట్టి పురుగుల కొరకు ఈ శతాబ్దమున మన సిక్కిము కొండలలో వెదకించిరి. ఇంటివద్ద నుండిన శత్రువులు పొరుగూరికి వెంటరాలేదు గదా!

తెల్లపువ్వును పెంచగోరువారు తొలకరికి ముందు దుంపను త్రవ్వి, ముక్కకు రెండుమూడు కన్నులుండునట్లు కోసి, కోతకు బూడిద యద్ది ఒకదినము ఆరనిచ్చి, రెండంగుళముల లోతున నాటవలెను. పసుపుమడివలె పెంటయెరువు, తేమ కావలెను. మనయెండకు చెట్టునీడ మేలు. ఒకమారు పూచిన కాడ మరల పూయదు. మొదలంట కోసినచో ప్రక్కకాడలు బలియును. మూడునాలుగేండ్లకు గుబురును విడదీయవలెను. మిగిలిన ముక్కలను కాలువగట్టున పారవేయవలదు. తడి తగిలినచోట నవి మొలచును. బండమీద నెండించి కాల్చివేయుడు.