ఎంపిక లేని నియంత్రణ: తెలుగునాట యువతుల గర్భనిరోధక చరిత్ర

ప్రవేశిక

గర్భనిరోధక సాధనాల వినియోగం పెరగడాన్ని స్త్రీ స్వేచ్ఛకు కొలమానంగా భావించడం పరిపాటి. తెలుగునాట ఆ కొలమానం సరిపోదు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ వివాహితల్లో దాదాపు 70 శాతం కు.ని. శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. దేశం మొత్తం మీద ఇది 38 శాతం. రాష్ట్రంలో మాత్రలు, లూప్, కండోమ్ అన్నీ కలిపినా రెండు శాతం లోపే. వినియోగం అధికం, ఎంపిక స్వల్పం. ఈ వైరుధ్యానికి చారిత్రక కారణాలున్నాయి.

పురుషుని నుండి స్త్రీకి

భారతదేశం 1952లోనే కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా స్వీకరించింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976–77లో జరిగిన సుమారు 82 లక్షల శస్త్రచికిత్సల్లో నాలుగింట మూడు వంతులు పురుషులవే. ఆ నిర్బంధంపై పెల్లుబికిన ఆగ్రహం 1977 ఎన్నికల ఫలితాల్లోనూ ప్రతిఫలించింది. అటుపై వేసెక్టమీ వెనుకబడింది. సంఖ్యా లక్ష్యాలు మాత్రం 1996 వరకు కొనసాగాయి. వాటి భారం ట్యూబెక్టమీ రూపంలో స్త్రీల మీదికి మళ్ళింది.

పటాన్‌చెరు ప్రశ్న

శాశ్వత పద్ధతికి ప్రత్యామ్నాయంగా వచ్చిన సూదిమందు విషయంలోనూ స్త్రీ సమ్మతికి విలువ దక్కలేదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ సూదిమందు పరీక్షలు తలపెట్టారు. అది ప్రయోగమన్న సంగతి అక్కడికి వచ్చిన స్త్రీలకు తెలియదు. హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటన సభ్యులు వారికి విషయం వివరించి అభ్యంతరం తెలిపారు. 1986లో ఆ సంస్థ సహేలి తదితర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఆ వ్యాజ్యాన్ని సూదిమందుపై వ్యతిరేకతగా మాత్రమే చూడడం పాక్షికం. తెలిసి అంగీకరించే హక్కు పేద స్త్రీకి ఉన్నదా అన్నదే అందులోని మూలప్రశ్న. ప్రభుత్వ కార్యక్రమంలోకి సూదిమందు ‘అంతర’ పేరుతో 2017లో గాని రాలేదు. అది వేరే మందు, డీఎంపీఏ.

వయస్సు, వ్యవధి

అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్ళ లోపే ‘పిల్లల ఆపరేషన్’ అన్నది ఇక్కడ సాధారణ క్రమం. తొలి కాన్పును వాయిదా వేసే సాధనం గాని, కాన్పుల మధ్య ఎడం పాటించే సాధనం గాని ఈ క్రమంలో కనిపించదు. ఆమె వాడిన మొదటి గర్భనిరోధక పద్ధతే చివరిదవుతుంది. బిడ్డను కోల్పోయినా, పునర్వివాహం చేసుకొన్నా తిరిగి తల్లి కావడం దుర్లభం.

ముగింపు

కాన్పుల సంఖ్య తగ్గడం వల్ల తెలుగు స్త్రీలకు కలిగిన మేలును కాదనలేం. కాని ఎందరు ఆపరేషన్ చేయించుకొన్నారన్న లెక్కతో పాటు, అంతకు ముందు వారికి ఏయే మార్గాలు చూపారన్న లెక్క కూడా తేలినప్పుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.