పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు



పిల్లవాడికి లెక్కలు రాకపోతే కంగారు పడతాం. ఇంగ్లీషు రాకపోతే ట్యూషను పెట్టిస్తాం. సాంఘికశాస్త్రం పుస్తకం మాత్రం పరీక్షకు ముందురోజు రాత్రి గానీ మనకు గుర్తుకు రాదు. ఒక చేత్తో గరిటె పట్టుకుని, పోపు మాడకుండా చూసుకుంటూనే, "రుద్రమదేవి ఎవరి కూతురు? గణపతిదేవుడి కూతురు. ఊఁ, మళ్ళీ చెప్పు" అని అప్పచెప్పించుకుంటాం. నేనూ అలా చేసినదాన్నే లెండి.

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా ఓ రాత్రి, "ఆవిడ 1296లో చనిపోయిందని మనకెలా తెలుసమ్మా? ఎవరు చూశారు?" అని అడిగింది. "పుస్తకంలో ఉంది కదా, నోరు మూసుకుని చదువు" అన్నాను. పాపం, చదివింది. ఆ తరువాత ఎన్నడూ నన్ను చరిత్రలో ఏమీ అడగలేదు. చాలా ఏళ్ళకు తెలిసిన సంగతేమిటంటే, నేను బట్టీ పట్టించిన ఆ సంవత్సరమే తప్పు!

నల్లగొండ జిల్లాలో చందుపట్ల అని ఓ ఊరుంది. అక్కడ ఒక శిలాశాసనం దొరికింది. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు వేయించినది. కాకతి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం ప్రాప్తించాలని కోరుతూ సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడట. శాసనం శక సంవత్సరం 1211 నాటిది. దానికి 78 కలపండి, 1289 వస్తుంది. ఆ ఏడు నవంబరు నాటికే ఆమె లేదన్నమాట. 1295 అనీ, 1296 అనీ చెప్పిన పుస్తకాలను ఒక మామూలు సేవకుడి రాయి దిద్దింది చూశారా!

అయితే యుద్ధంలో చనిపోయిందని ఆ రాయి మీద లేదు. రాణీ, సేనానీ ఇద్దరి పేర్లూ కలిసి ఉన్నాయి. కాయస్థ అంబదేవుడు ఆమె మీద తిరగబడ్డాడు. అందువల్ల ఆ పోరులోనే ఇద్దరూ పోయి ఉంటారని చరిత్రకారుల ఊహ. పిల్లలకు చెప్పేటప్పుడు, "ఇది రాయి మీద ఉంది, ఇది మాత్రం పెద్దలు ఊహించింది" అని విడదీసి చెబితే ఎనిమిదేళ్ళ పిల్లకు అర్థం కాదా? మన ఇంట్లో సున్నుండలు ఎవరు తిన్నారో తేల్చేది వాళ్ళే కదా!

కాని ఏడువందల ఏళ్ళంటే వాళ్ళకు అందే దూరం కాదు. నిన్నా, తాతగారి కాలమూ, రాముడి కాలమూ అన్నీ ఒక్కటే వాళ్ళకి. అందుకని ముందు ఇంటి సంగతులతో మొదలుపెట్టండి. మొన్న మా మనవడు, "పదహారణాల తెలుగమ్మాయి అంటారు కదా, పదహారే ఎందుకు అమ్మమ్మా?" అన్నాడు. ఈసారి స్టవ్ కట్టేసి కూర్చున్నాను.

పూర్వం రూపాయికి పదహారు అణాలు. 1957 ఏప్రిల్ 1 నుంచి వంద నయాపైసలు అయ్యాయి. వందను పదహారుతో భాగిస్తే ఆరుంపావు వస్తుంది, పావు పైసా ఎక్కడ తెస్తారు? అందుకని అణాకి ఆరు, రెండణాలకి పన్నెండు, మూడణాలకి పందొమ్మిది, నాలుగణాలకి పాతిక అని లెక్క కట్టారు. పాతిక పైసల బిళ్ళ 2011లో చెల్లకుండా పోయినా, పావలా అన్న మాట మాత్రం ఇంకా మన నోట్లో ఉండిపోయింది.

వాడు కాగితం మీద గీసుకుని, "అణా సరుకు నాలుగుసార్లు కొంటే ఇరవైనాలుగే! ఒకేసారి కొంటే పాతిక!" అన్నాడు.

"అందుకే మా అమ్మ ఉప్పూ, చింతపండూ వేరువేరుగా తెచ్చేది" అన్నాను.

"నువ్వు చూశావా?"

వాళ్ళమ్మ అడిగిన ప్రశ్నే! నాకప్పుడు ఆరేళ్ళు. కొట్టుకు వెళ్ళింది నేను కాదు.

"లేదురా, అమ్మ చెబితే విన్నాను" అన్నాను.

వాడు ఆ లెక్క కిందనే, "అమ్మమ్మకు వాళ్ళమ్మ చెప్పింది" అని రాసుకున్నాడు.