ఉత్సర్గం, అపవాదం, అక్షరాల పరిమాణం



ఆంగ్లంలోని ‘డిఫాల్టు’కు మనవాళ్ళు ‘అప్రమేయం’ అని పేరు పెట్టుకున్నారు. ఆ మాటకు కొలవరానిదని కదా అర్థం, ఇదేమి అనువాదమని తెలుగు పండితుణ్ణి గనుక మొదట్లో గొణుక్కున్నాను. తరువాత జరిగిన ఒక సంగతి వలన ఆ పేరు సార్థకమేననిపించింది.

చూపు మందగించిన నా సహోపాధ్యాయులొకరు తమ లినక్సు యంత్రంలో ఏవేవో మార్చి అక్షరాలను చెదరగొట్టుకున్నారు. నేను అక్కడి అమరికల సంపాదకం తెరిచి, ‘అప్రమేయ విలువ’గా అది చూపిన అంకెనే మళ్ళీ ఎక్కించాను. అక్షరాలు మరింత చిన్నవైపోయాయి. “మాస్టారూ, మొదట్లో ఇలా లేవండీ” అన్నారాయన. నాకు తల కొట్టేసినట్లయింది.

పొరపాటు ఎక్కడుందో తెలియాలంటే కొంత చరిత్ర చూడాలి. తొలినాళ్ళలో అమరికలు సాదా పాఠ్యపు దస్త్రాలలో ఉండేవి; విండోసులో వాటిని ‘ఐఎన్ఐ’ దస్త్రాలనేవారు. 1992లో విండోస్ 3.1తో రిజిస్ట్రీ ప్రవేశించింది. లినక్సు లోకంలో 2002 నాటి గ్నోమ్ 2 ‘జీకాన్ఫ్’ను వాడింది. అందులో తప్పనిసరి విలువలు, వాడుకరి విలువలు, అప్రమేయ విలువలు వేర్వేరు చోట్ల ఉండేవి. 2011లో వచ్చిన గ్నోమ్ 3 ‘జీసెట్టింగ్స్’, ‘డీకాన్ఫ్’లకు మారింది.

కిటుకంతా ఇక్కడే ఉంది. డీకాన్ఫ్‌లోని వాడుకరి భాండాగారంలో ఆ వాడుకరి మార్చిన విలువలే ఉంటాయి. మార్చనివి ‘స్కీమా’ అనే పట్టిక నుండి వస్తాయి. స్కీమాను మూలకర్తలు వ్రాస్తారు. లినక్సును కూర్చి పంచేవారు దానిని చెరపకుండా, ‘ఓవర్‌రైడ్’ అనే వేరొక దస్త్రంలో తమ సవరణ చేర్చవచ్చు. ఈ రెండింటినీ కలిపి సంకలనం చేసిన ప్రతినే అనువర్తనాలు అనుసరిస్తాయి. ఆ సంపాదకం మాత్రం మూలపట్టికను చదివి, సవరణను వదలివేసింది. అది చూపిన అంకె అబద్ధం కాదు. అమలులో లేనిది, అంతే.

వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. ఉత్వసంధి నిత్యమన్నది ఉత్సర్గం. ప్రథమేతర విభక్తులలోని ఉకారానికి సంధి వైకల్పికమన్నది అపవాదం. అందుచేత ‘నన్నడిగె’, ‘నన్నునడిగె’ రెండూ సాధురూపాలే. మొదటి సూత్రంతోనే పుస్తకం మూసిన విద్యార్థి రెండవ రూపాన్ని తప్పంటాడు. అటువంటివారికి ఎన్నో ఏళ్ళు మార్కులు కోసిన నేను, ఆనాడు అదే పని చేశాను.

నేను చేసిన అసలు తప్పు మరొకటి ఉంది. అప్రమేయ విలువను చేత్తో వ్రాస్తే అది అప్రమేయంగా మిగలదు, వాడుకరి విలువగా నిలిచిపోతుంది. రేపు సవరణ మారినా అక్కడ మారదు. కాబట్టి విలువను వ్రాయరాదు, ‘రీసెట్’ చేయాలి. ఆపైన ‘జీసెట్టింగ్స్ గెట్’ అని అడిగితే అమలులో ఉన్న విలువ తెలుస్తుంది. ‘డీకాన్ఫ్ రీడ్’ మౌనం వహిస్తే భాండాగారంలో ఆ అమరికకు ఏ విలువా లేదని అర్థం. సవరణ దస్త్రాన్ని మనమే దిద్దితే, స్కీమాలను తిరిగి సంకలనం చేసేదాకా అది అమలులోకి రాదు.

మరునాడు వెళ్ళి రీసెట్ చేశాను. అక్షరాలు పెద్దవై మునుపటిలా నిలిచాయి. మిత్రుడు కళ్ళజోడు సవరించుకొని పత్రిక చదువుకోవడం మొదలుపెట్టారు. నేను మాత్రం ఆ రోజునుండి, ఏ పెట్టెలోనైనా ‘అప్రమేయం’ అని కనబడితే, ఎవరు చెప్పిన అప్రమేయమని ఒకసారి అడిగి చూసుకుంటున్నాను.