గోర్దాఫరీద్ మళ్ళీ వచ్చింది

ఫిరదౌసి పేరు మనకు కొత్తేం కాదు. జాషువాగారి ‘ఫిరదౌసి’ కావ్యం చదివి, సుల్తాను మాట తప్పిన ఘట్టంలో కంటతడి పెట్టుకున్నవాళ్ళమే. అయితే ఆ కవి సుమారు 1010లో ముగించిన ‘షానామా’లో అసలేముందని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం. నేనూ అంతేనండీ, మొన్నమొన్నటిదాకా.

ఇరాన్ దేశంలో చదువురాని వాళ్ళకు కూడా ఆ కథలు తెలుసు. అది నక్కాల్‌ల చలవ. నక్కాల్ అంటే కథకుడు. కాఫీ దుకాణంలో నడుమ నిలబడి, పద్యం రాగయుక్తంగా, కథ వచనంగా చెబుతాడు. చేతిలో ఒక్క కర్ర. అదే కత్తి, అదే విల్లు. యుద్ధం మంచి పట్టుమీద ఉండగా ఆపేసి, మిగతాది రేపు అనేవాడట. మన వారపత్రికల సీరియల్ లాగే!

ఆ దుకాణాలకు వెళ్ళేది దాదాపు అంతా మగవాళ్ళే. చెప్పేదీ మగవాడే. కాని కథలో గోర్దాఫరీద్ ఉంది. సరిహద్దు కోటమీదికి సొహ్రాబ్ దండెత్తి వచ్చి, కోట కాపాడే వీరుణ్ణి బంధిస్తాడు. అప్పుడీ పిల్ల జడ శిరస్త్రాణంలో దాచుకొని, గుర్రమెక్కి ఒంటరిగా ఎదురు వెళుతుంది. పోరులో శిరస్త్రాణం ఊడి జుట్టు జారిపడుతుంది. ఆడపిల్లా అని సొహ్రాబ్ నివ్వెరపోతాడు. కోట అప్పగిస్తానని నమ్మబలికి, లోపలికి వెళ్ళి తలుపు మూయించి, గోడ మీంచి నవ్వుతుంది. ఆ నవ్వు కూడా తరతరాలుగా మగగొంతులోనే వినబడింది.

తర్వాత రేడియో, టెలివిజన్ వచ్చాయి; కథకుడి చుట్టూ జనం పలచబడ్డారు. రేడియోలో కూర్చుని ఈ మాట చెప్పడం నాకే కాస్త ఇబ్బందిగా ఉంది.

అలాంటి రోజుల్లో, 1976లో అహ్వాజ్‌లో పుట్టిన ఫాతిమా హబీబీజాద్ ఈ విద్య నేర్చుకోవడానికి పూనుకున్నారు. పాత కథకులను ఆశ్రయించారు. వారిలో పేరుమోసిన మోర్షెద్ తురాబీ ఒకరు. ఆమె రంగస్థలం మీద పెట్టుకున్న పేరు ఏమిటనుకున్నారు? గోర్దాఫరీద్!

హరికథలు చెప్పే భాగవతారిణులను చూసిన మనకు ఇదేం గొప్ప అనిపించవచ్చు. అక్కడి సంగతి వేరు. 1979 విప్లవం తర్వాత మగవాళ్ళ ఎదుట స్త్రీ ఒంటరిగా పాట పాడడానికి వీల్లేదన్నారు. అటువంటి చోట స్త్రీపురుషులు కలిసి కూర్చున్న సభలో, రాగం తీసి పద్యం చదివి, కర్ర నేలకు తాటించి యుద్ధం చెప్పడమంటే మాటలా? 2008లో హాదీ ఆఫరీదే ఆమెమీద ఒక డాక్యుమెంటరీ తీశారు. 2011లో యునెస్కో నక్కాలీని, తక్షణం కాపాడవలసిన కళల జాబితాలో చేర్చింది. ఈలోగా మరికొందరు స్త్రీలు కర్ర చేతబట్టారు. ఇప్పుడు కోటగోడ మీంచి నవ్వే నవ్వు ఆడగొంతులోనూ వినబడుతోంది.